సీసం సీసాన్ని ఢీకొనే చోట

ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగిపోయి, వాటి లోపలి క్వార్కులు, గ్లూవాన్లు స్వేచ్ఛగా తిరిగే స్థితిని క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మా అంటారు. విశ్వం పుట్టిన తొలి మైక్రోసెకన్లలో అంతటా ఇదే ఉండేది. దాన్ని మళ్లీ పుట్టించే చోట్లలో సెర్న్ అనే కణ భౌతిక పరిశోధన సంస్థవారి ఆలిస్ ప్రయోగం ఒకటి. అందరూ జెనీవా అంటారు గానీ, అది ఉన్నది సరిహద్దు దాటాక, ఫ్రాన్స్ నేల కింద.

కణాలను ఢీకొట్టించే యంత్రం నడుస్తుంటే కిందికి ఎవరినీ పంపరు. ఆపినప్పుడు లిఫ్టులో 56 మీటర్లు దిగి చూశాం. ముందుగా కంటపడేవి అయస్కాంతపు ఎర్రటి తలుపులు. అంతకుముందు అక్కడే జరిగిన ఎల్3 ప్రయోగం నుంచి మిగిలిన అయస్కాంతమిది. మొత్తం పరికరం పొడవు 26 మీటర్లు, బరువు 10,000 టన్నులు.

ప్లాస్మాకు ముడిసరుకు మాత్రం చిటికెడు సీసం. దాన్ని చిన్న పొయ్యిలో ఆవిరి చేసి, ఎలక్ట్రాన్లన్నీ ఒలిచేసి, మిగిలిన కేంద్రకాలను 27 కిలోమీటర్ల వలయంలో ఎదురెదురుగా పరుగెత్తిస్తారు. అవి ఢీకొన్నచోట సూర్యుడి నడిబొడ్డు కన్నా లక్ష రెట్లకు మించిన వేడి పుడుతుంది. అది నిలిచేది సెకనులో కోటి కోటి కోట్లో వంతు కన్నా తక్కువ. అందుకే ప్లాస్మాను నేరుగా ఎవరూ చూడలేరు. అది చల్లారాక ఎగిరొచ్చిన వేల కణాల జాడలనే లెక్కగడతారు.

ఆ లెక్కల్లోనే అసలు వింత బయటపడింది. అంత వేడిలో వాయువే ఉంటుందని చాలామంది అనుకున్నారు. కేంద్రకాలు పక్కవాటుగా తగిలితే, రెండూ కలిసిన భాగం బాదంగింజలా ఉంటుంది. వాయువైతే కణాలు అన్ని వైపులా ఇంచుమించు సమానంగా చెదరాలి. అలా జరగలేదు, సన్నగా ఉన్న వైపే ఎక్కువగా దూసుకొచ్చాయి. జిగట దాదాపు లేని ద్రవమే అలా పారుతుంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2005లో ఈ మాట ప్రకటించారు. 2010లో సీసం ఢీలు మొదలయ్యాక ఆలిస్‌లోనూ అదే తేలింది.

ఢీకొనకుండా పక్కనుంచి దూసుకుపోయే సీసపు కేంద్రకాల్లో కొన్ని మూడు ప్రోటాన్లు పోగొట్టుకుని బంగారమవుతాయి. 2015-18 మధ్య అలా పుట్టిందంతా కలిపి 29 పికోగ్రాములు. వేమన గురించి చెప్పుకునే పసిడి విద్య ఇంత ఖరీదైనది కాదు!

ఫోటాన్లను లెక్కించే పీఎండీ అనే పరికరాన్ని ఆలిస్‌కు ఇచ్చింది మనవాళ్లే. కోల్‌కతాలోని వీఈసీసీ పరిశోధన కేంద్రం, భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ అందులో పాలుపంచుకున్నాయి. ఈ రంగంపై మనసుపడిన విజయనగరం విద్యార్థులు జెనీవా దాకా చూడనక్కర్లేదు. హౌరా లైన్లోనే ఖుర్దా రోడ్ దగ్గర, జట్నిలో నైసర్ అనే విజ్ఞాన విద్యా సంస్థ ఉంది. ఆలిస్‌లో దానికీ భాగముంది. ఇంటర్ తర్వాత నెస్ట్ అనే ప్రవేశ పరీక్షలో నెగ్గితే అక్కడ చేరవచ్చు.