ప్రధానానికి ముందే చెప్పండి

ఇంగ్లండ్‌లో మేముండే బ్రిస్టల్ నడిబొడ్డున బ్రాడ్‌మీడ్ అనే బజారు ఉంది. శనివారం షాపింగ్ జనం మధ్య అప్పుడప్పుడు వీధి బోధకులు నిలబడతారు. మెడలో అట్ట, చేతిలో మైకు. పాపం, తీర్పు, నరకం, మారుమనస్సు. జనం సంచులు సర్దుకుంటూ పక్కనుంచి వెళ్లిపోతారు. మా తెలుగు సహవాసంలో వీళ్లను చూసి ఇబ్బంది పడేవాళ్లున్నారు. "ఇలా అరిస్తే ఎవరు మారతారండీ, ఉన్న పరువు కూడా పోతుంది" అంటారు.

నేను అలా అనలేను. యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయం చదివినవాళ్లెవరూ అనలేరు. ఖడ్గం వస్తుంటే చూసి కూడా బూర ఊదని కావలివాడిని దేవుడు అక్కడ లెక్క అడుగుతాడు. విన్నవాడు మారకపోతే ఆ దోషం అతనిది, చెప్పకపోతే మనది. అంత సూటిగా ఉన్న మాటను మర్యాద పేరు చెప్పి దాటేయడం కుదరదు. ఎవరిని హెచ్చరించాలి, ఏ పాపం గురించి అన్నదే నన్ను తొలిచే ప్రశ్న.

ఆ బజారులోనే షాపుల మధ్య న్యూ రూమ్ ఉంది. 1739లో జాన్ వెస్లీ కట్టించిన మందిరం, ప్రపంచంలోకెల్లా పాత మెథడిస్టు కట్టడం. ముంగిట గుర్రం మీద వెస్లీ విగ్రహం, లోపల రెండంతస్తుల ప్రసంగ వేదిక. మాది మెదక్ వైపు. మా చర్చి కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర వెస్లియన్ మిషనరీయే కాబట్టి, ఆ బల్లల మీద కూర్చుంటే నాకు పుట్టింటికి వచ్చినట్టే ఉంటుంది. చర్చి వేదికలు తనకు మూసుకుపోతుంటే వెస్లీ అదే ఏడాది ఏప్రిల్‌లో ఈ ఊరి ఇటుకల బట్టీ దగ్గర ఆరుబయట నిలబడి ప్రసంగించాడు. కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కూలీలు తండోపతండాలుగా వచ్చి విన్నారు.

అయితే ఆయన చేసిన హెచ్చరికల్లో అన్నిటికన్నా బరువైనది 1774 నాటిది. అప్పట్లో బ్రిస్టల్ ఓడలు ఆఫ్రికా వెళ్లి మనుషుల్ని ఎక్కించుకుని, వెస్టిండీస్‌లో అమ్మి, పంచదారతో తిరిగొచ్చేవి. ఊరి మేడలు ఆ డబ్బువే. చర్చి కానుకల్లోనూ ఆ డబ్బుంది. బానిస వ్యాపారి కోల్‌స్టన్ దానధర్మాలకు ఇక్కడి చర్చిల్లో కృతజ్ఞతారాధనలు జరిగేవి. 2020 జూన్‌లో జనం లాగి హార్బర్‌లో పడేసిన విగ్రహం ఆయనదే. 1774లో బానిసత్వం మీద తాను రాసిన చిన్న పుస్తకంలో వెస్లీ ఓడ కెప్టెన్లను, వర్తకులను, తోటల యజమానులను వేర్వేరుగా పిలిచి మాట్లాడతాడు. ఇదంతా నడుస్తున్నది నీ డబ్బుతోనే అని వర్తకుడి ముఖం మీదే అంటాడు. కొన్నవాడూ ఎత్తుకొచ్చినవాడూ ఒకటేనంటాడు. 1788లో ఇదే న్యూ రూమ్‌లో బానిసత్వం మీద ప్రసంగించాడు. ఆ వ్యాపారంతో బతికే ఊళ్లో, ఎనభై నాలుగేళ్ల వయసులో.

అదే ఏడాది జాన్ న్యూటన్ కూడా నోరు విప్పాడు. 'అమేజింగ్ గ్రేస్' రాసిన పాస్టరు గారే. ఒకప్పుడు ఆయన బానిసల ఓడకు కెప్టెన్. విశ్వాసిగా మారాక కూడా ఆ పని చేశాడు. పైన డెక్ మీద ఆదివారం నావికులతో ప్రార్థన, కింద గొలుసుల్లో మనుషులు. అది తప్పేమోనన్న శంక అప్పట్లో తనకు రానేలేదని ఆయనే రాసుకున్నాడు. నలుగురిలో అది గౌరవమైన ఉద్యోగంగానే చెల్లుబాటయింది. ఆయన సముద్రం మానింది 1754లో, ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ పుస్తకం వేసింది 1788లో. మధ్యలో 34 ఏళ్లు. రోజూ బైబిలు చదివే మనిషికి అంతకాలం పట్టిందంటే, పక్కవాడు చెప్పడం ఎంత అవసరమో ఆలోచించండి.

మన సంగతికి వద్దాం. ఇక్కడి తెలుగు సహవాసాల్లో పాపం గురించి వర్తమానాలకు కొదవ లేదు. తాగుడు, సినిమాలు, పిల్లల డేటింగ్, ఆదివారం డ్యూటీలు. అవన్నీ చెప్పవలసినవే. కట్నం గురించి వర్తమానం ఎప్పుడు విన్నారు? కులం గురించి? పెళ్లి సంబంధాల వాట్సాప్ గ్రూపుల్లో "రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్న అమ్మాయి కావలెను" అని ఉంటుంది, ఆ పక్కనే కులం పేరు. అబ్బాయికి ఇంగ్లండ్‌లో పర్మనెంట్ రెసిడెన్సీ వస్తే రేటు పెరుగుతుంది. కట్నం నేరమని మన దేశంలో చట్టం 1961లోనే వచ్చింది. మనం లాంఛనాలన్నాం, కానుకలన్నాం, పైన ప్రార్థన కూడా చేయించాం. క్రీస్తు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలుపంచుకుని, ఆడపిల్ల తండ్రి చేత పొలం అమ్మించడం పాపం. దీనికి వేరే పేరు లేదు.

మా సహవాసంలో ఒక పెద్దావిడ ఉన్నారు. నర్సుగా చేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం భోజనాలయ్యాక హాలు వంటగదిలో ఆవిడ బిర్యానీ గిన్నెలు తోముతున్నారు, నేను తుడుస్తున్నాను. కొడుక్కి సంబంధం ఖాయం చేసుకున్న ఒకాయన ప్లేటు పెట్టడానికి వచ్చారు.

"తమ్ముడూ, వియ్యంకుడు పొలం అమ్ముతున్నాడట గదా?"

"మేం అడగలేదక్కా. వాళ్లే ఇష్టంగా ఇస్తున్నారు."

"ఇష్టంగా అయితే ఆ పొలం పిల్ల పేరు మీదే ఉంచమను. నువ్వు తీసుకుంటే అది పాపం. ప్రధానానికి ఇంకా టైముంది. వద్దని నువ్వే ఫోన్ చెయ్యి. నేను నీకోసం ప్రార్థన చేస్తా."

గొంతు పెంచలేదు. చేతికి అంటిన సబ్బు నురగ కూడా కడుక్కోలేదు. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయారు, కొన్నాళ్లు ఆరాధనకు రాలేదు. ఆవిడ వాళ్లింటికి ఫోన్ చేయడం మానలేదు, ఈ విషయం ఇంకొకరి దగ్గర ఎత్తలేదు. ఆ పెళ్లి కిందటేడు జరిగింది. పొలం అమ్మలేదు.

తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన పద్ధతి అదే. నాతాను ప్రవక్త దావీదు రాజు ఎదుటికి వెళ్లి నిలబడి చెప్పాడు, సందులో నిలబడి యెరూషలేమును తిట్టలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు నరకం సంగతి చెప్పడానికి గొంతుంటే చాలు. రేపు మళ్లీ పక్కన కూర్చోవలసిన మనిషికి చెప్పడానికి ప్రేమ కావాలి, స్నేహం పోయినా పర్వాలేదన్న తెగింపు కావాలి.

విదేశాల్లో తెలుగు సంఘాలు నడిపే పాస్టరు గార్లకు, పెద్దలకు నా మనవి. పెళ్లికి ఆశీర్వాద ప్రార్థన చేయమని మీ దగ్గరికి వచ్చినప్పుడు, తారీకు రాసుకునే ముందే కట్నం సంగతి అడగండి. ఉందంటే, ఇది పాపం, మారుమనస్సు పొందండి అని ఆ ఇంట్లోనే కూర్చుని చెప్పండి. ఆ కుటుంబం ఇచ్చే దశమభాగం పోతే పోనివ్వండి.