అమ్మ కాలి మీద మచ్చ

2023 మే నెలలో, వేసవి సెలవుల్లో ఒక ఉదయం అద్దంలో నా కుడి తొడ వెనక భాగం కనిపించి గతుక్కుమన్నాను. ఎర్ర సిరా, నీలం సిరా కలిపి సన్న పాళీతో గీసినట్టు సాలెగూడు లాంటి గీతలు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజుకు ఐదారు పీరియడ్లు నిలబడే ఉంటాను. నొప్పి లేదు, వాపు లేదు. అయినా వారం తిరక్కుండా విజయవాడలో ఒక వాస్క్యులర్ సర్జన్ దగ్గర కూర్చున్నాను. తోడుగా అమ్మ వచ్చింది.

నన్ను చూడటానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. ''వీటిని స్పైడర్ వీన్స్ అంటారు మేడమ్. చర్మం పైపొరలో ఉండే అతి సన్న సిరలు సాగి, బయటికి కనిపిస్తున్నాయి. ఒక్కోటి మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఇబ్బంది లేకపోతే వైద్యం అక్కర్లేదు'' అన్నారు. చూడ్డానికి బాగాలేదనిపిస్తే సన్నటి సూదితో మందు ఎక్కించి వాటిని మూసే పద్ధతి ఉందట. దాన్ని స్క్లెరోథెరపీ అంటారు. లేజర్ కూడా ఉంది. కానీ పాతవి పోయినా కొత్తవి రావని హామీ లేదు. వయసు, కాన్పులు, బరువు, గంటల తరబడి నిలబడే పని, అన్నిటికీ మించి వంశం దీనికి కారణాలు.

వంశం అన్న మాట దగ్గర ఆగి, ''అమ్మా, మీకూ ఉన్నాయా?'' అని అడిగారు. అమ్మ కుచ్చిళ్లు సర్దుకుంది. ''నాకేముంది బాబూ, నరాలు లాగుతాయి, అంతే'' అంది. ఆయన వదల్లేదు.

చీర కాస్త పైకి తీస్తే పిక్క మీద వేలు లావున మెలికలు తిరిగిన సిరలు. చీలమండకు పైన, లోపలివైపు చర్మం కాఫీ రంగుకు తిరిగి గట్టిపడింది. మధ్యలో రూపాయి బిళ్లంత పుండు, దాని మీద పసుపు. ఎన్నాళ్లుగా ఉందని అడిగితే ''సంక్రాంతికి ముందు నుంచి'' అంది. ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను చూడలేదు.

ప్రాథమిక పాఠశాలలో ముప్ఫై ఎనిమిదేళ్లు నిలబడి పాఠం చెప్పిన మనిషి. కాళ్లు లాగుతున్నాయని మా ఊళ్లో చూపించుకుంటే నరాల బలహీనత అని విటమిన్ బిళ్లలు రాశారు. ఏళ్ల తరబడి అవే మింగింది. తప్పు కొంత మన మాటలోనూ ఉంది. మెదడు నుంచి వచ్చేదీ నరమే, రక్తం మోసేదీ నరమే మనకు. అమ్మది రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిర జబ్బు. ఆ సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. పిక్క కండరం నొక్కినప్పుడు పైకి వెళ్లిన రక్తాన్ని అవి కిందికి జారనివ్వవు. అవి పాడైతే రక్తం కాళ్లలోనే నిలిచి సిరలు ఉబ్బుతాయి. అవే వెరికోస్ వీన్స్. తర్వాత వాపు, దురద, నల్లమచ్చ, చివరికి మానని పుండు.

పాదాల్లో నాడి చూసి, డాప్లర్ స్కాన్ చేశాక బిగుతు కట్లు మొదలుపెట్టారు. ధమనుల్లో రక్తం సరిగా రాని కాలికి అలాంటి కట్టు కడితే ప్రమాదమట. అందుకే మందుల షాపులో మేజోళ్లు కొనేసి సొంతంగా వేసుకోకూడదు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. పాడైన సిరను తర్వాత లేజర్‌తో మూశారు. మచ్చ మాత్రం మిగిలింది.

ఆ రోజు డాక్టర్ చెప్పినవి ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెబుతున్నాను. తొడ మీద గీతలకు నాలా హడలిపోనక్కర్లేదు. అవే గీతలు చీలమండ లోపలివైపు విసనకర్రలా పరుచుకుంటే మాత్రం లోపలి సిరలను పరీక్ష చేయించాలి. సాయంత్రానికి కాళ్లు బరువెక్కి వాస్తున్నా, చర్మం రంగు మారుతున్నా, పుండు రెండు వారాల్లో మానకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే వెంటనే పడుకుని, కాలు ఎత్తిపెట్టి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి ఆసుపత్రికి చేరాలి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే లోపలి సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు, అదే రోజు చూపించుకోవాలి. దానికి ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే క్షణం ఆగకూడదు.

ఇది టీచర్ల గోడే కాదు. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే ఆడవాళ్లు పోరాడితే, పనివేళల్లో కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కూర్చోవడాన్ని హక్కుగా అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది.

మొన్న పెళ్లిలో మా పిన్ని కాళ్లు పీకుతున్నాయంటే అమ్మ ఆమెను గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. ''ఏదీ, చీర కాస్త పైకి తియ్యవే, చూడనీ'' అంటోంది లోపల.