రాస్ దొర కొండమీది గుడి

విశాఖపట్టణం చూడవచ్చినవారు సాధారణంగా సముద్రపొడ్డున కాసేపు కూర్చుని, సింహాచలం వెళ్ళి అప్పన్న దర్శనం చేసుకుని, తృప్తిగా తిరుగు రైలెక్కుతారు. పాతవూరి దిక్కుకు వెళ్ళేవారు తక్కువ. వెళితే, ఓడరేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి కోవెల, ఒకదానిమీద ఇసాక్ మదీనా దర్గా, అన్నిటిలోకీ పెద్దదానిమీద మరియమాత చర్చి వున్నాయి. ఆ పెద్దకొండకు రాస్ హిల్ అని పేరు. చర్చిని మాత్రం జనం 'కొండగుడి' అంటారు.

గ్రీసుదేశపు పారోస్ దీవిలో వంద ద్వారాల గుడిగా ప్రసిద్ధికెక్కిన పురాతనమైన చర్చి ఒకటి వున్నది. రోమనుల నాటి కట్టడం మీద లేచిన ఆ చర్చిని ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కాలంలో తిరిగి నిర్మించారు. అక్కడ చరిత్ర రాతిమీద రాయిగా పేరుకున్నది. మన కొండగుడి దానిముందు పసిబిడ్డే. అయినా దీనికీ పొరలున్నాయి.

ఆల్ప్స్ మంచుకొండల చెంతనున్న అన్నెసీ పట్టణపు సంఘానికి చెందిన కతోలిక ఫాదిరీలు 1846లో విశాఖ వచ్చారు. మరుసటి యేడే పాతవూళ్ళో సెయింట్ అలోషియస్ పాఠశాల వెలిసింది. 1864లో రాస్ అనే దొర యీ కొండమీద ఇల్లు కట్టుకున్నాడు. తరువాత ఆ ఇల్లే ప్రార్థనాలయమయింది. దొర వెళ్ళిపోయాడు, పేరు కొండకు మిగిలింది. తెలుగువాళ్ళు దానికి తమ 'గుడి' మాటను చేర్చుకున్నారు.

పక్క కొండల కథ ఇంకా చిత్రం. వేంకటేశ్వరస్వామి కోవెలను 1866లో బ్లాక్‌మూర్ అనే తెల్ల కెప్టెన్ కట్టించాడని చెబుతారు. ఇక దర్గా సంగతి. రేవుకు వచ్చిపోయే ఓడలు ఆ మహాత్ముడికి మర్యాదగా మూడుసార్లు జెండా దించి ఎత్తేవనీ, హిందూ ఓడ యజమానులు వెండి దోనెలు చేయించి సమర్పించేవారనీ వెనకటి జిల్లా గ్రంథాలు చెబుతున్నాయి. ఆ రోజుల్లో ఇక్కడ లోపలి రేవు లేదు. ఓడలు దూరాన నడిసముద్రంలోనే లంగరు వేసేవి. సరుకులూ మనుషులూ అలలమీద పడవల్లో రావలసిందే. గాలివాన లేస్తే ఎవరి కులం ఏమిటని సముద్రం అడగదు గదా! 1933లో కొత్త రేవు ప్రారంభమయింది. కొండగుడి మెట్లెక్కి చూస్తే, ఎదుట యారాడ కొండకూ ఇటు గట్టుకూ నడుమ కాలవలోంచి ఓడలు మెల్లగా లోపలికి వస్తూంటాయి.

దొరగారి ఇల్లు చర్చి కావడం, కెప్టెన్ స్వామికి కోవెల కట్టడం, హిందువులు దర్గాకు దోనెలివ్వడం చూస్తే, యీ కొండల్లో ఏదీ ఒక్కరి సొత్తు కాదని తెలుస్తుంది. మా కాలేజీ పిల్లల్లో చాలామందికి యీ సంగతి తెలియదు. రాళ్ళలో దాగిన చరిత్రను ఎప్పటికైనా తవ్వి తీయవచ్చు. వాడుకలోనూ, నోటిమాటలోనూ వున్న చరిత్ర ఒక తరం మరిచిపోతే మరి దొరకదు. రేవు బొగ్గుధూళి సోకి పాతవూరి గోడలు ఎన్నోసార్లు నల్లబడ్డాయి. గోడలకు మళ్ళీ సున్నం వేసుకోవచ్చు గాని, మరపుకు వేసే సున్నం లేదు.

డిసెంబరు 8న కొండగుడి పండుగ. ఆనాడు కొవ్వొత్తులు చేతబట్టి మెట్లెక్కేవారిలో బొట్టు పెట్టుకున్న తల్లులూ కనిపిస్తారు. వీలుంటే ఆ రోజున వెళ్ళండి. పక్క రెండు కొండలూ ఎక్కకుండా మాత్రం తిరిగి రాకండి.