గుంబద్‌ను మోసేవాళ్లు

2020 జులై 24, జుమా రోజు. ఇస్తాంబుల్‌లోని అయాసోఫ్యాలో 86 ఏళ్ల తర్వాత మళ్లీ నమాజ్ జరిగింది. మా ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపు ముబారక్‌బాదులతో నిండిపోయింది. అప్పటికి లాక్‌డౌన్‌లో ఎర్తుగ్రుల్ సీరియల్ ఉర్దూ డబ్బింగులో చూసి చూసి మా అమ్మాయికి తుర్కీ అంటే ప్రాణం. "అబ్బా, అంత పెద్ద మసీదు మనోళ్లు ఎట్ల కట్టినారు?" అని అడిగింది.

"మనోళ్లు కట్టలేదు బేటీ. రూమీ బాద్‌షా కట్టించిన చర్చి అది" అన్నాను. నమ్మలేదు. ఫొటోలో మినార్లు చూపించింది. మినార్లు తర్వాత వచ్చినవి. గుంబద్ మాత్రం ముహమ్మద్ ప్రవక్త (స) ఈ దునియాలోకి రాకముందే లేచింది.

కాన్‌స్టాంటినోపుల్ అప్పటి రూమీ సల్తనత్‌కు రాజధాని. 532లో జస్టీనియన్ మీద రైయత్ తిరగబడ్డారు. ఆ బగావత్‌లో పాత చర్చి కాలిపోయింది. తఖ్త్ దక్కించుకున్న బాద్‌షా ఆ జాగాలోనే కొత్తది మొదలుపెట్టి, 537కల్లా పూర్తి చేయించాడు. ఐదేళ్లు. నక్షా గీసినవాళ్లు అంథేమియస్, ఇసిడోర్ అనే ఇద్దరు. ఇద్దరూ లెక్కల్లో ఆలిమ్‌లు. ఈజిప్టు నుంచి ఎర్రరాయి, తెసలీ నుంచి పచ్చరాయి తెప్పించారు. తన హుకూమత్ ఎంత దూరం నడుస్తుందో జనానికి చూపించడమే బాద్‌షా మతలబ్. ఇబాదత్‌ఖానా కూడా ఒక ఫర్మానే.

కానీ అసలు కమాల్ రాళ్లలో లేదు. గుండ్రటి గుంబద్‌ను నాలుగు పలకల గది మీద ఎట్లా నిలబెట్టాలి? వాళ్లు నాలుగు వైపులా నాలుగు పెద్ద కమాన్లు లేపారు. కమాన్ల మధ్య మిగిలిన నాలుగు మూలల్నీ తలకిందుల త్రికోణాల్లా లోపలికి వంచుతూ ఇటుక పేర్చారు. అవి పైకి వచ్చేసరికి ఒక వలయంగా కలిశాయి. దాని మీద గుంబద్. అడ్డం 31 మీటర్ల పైచిలుకు, నేల నుంచి ఎత్తు దాదాపు 55 మీటర్లు. అడుగున చుట్టూ 40 కిటికీలు. వాటిలోంచి వెలుగు పడితే గుంబద్ దేని మీదా ఆనకుండా తేలుతున్నట్టు ఉంటుంది. వాడింది ఇటుక, ఇటుక పొడి కలిపిన సున్నం. మన పాత మేస్త్రీలు సుర్ఖీ అనేది అదే.

అయితే గుంబద్ బరువు కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. నున్నని బండ మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడితే పాదాలు జారతాయి కదా, అట్లా. మొదటి గుంబద్ పల్చగా, చదునుగా ఉండేది. జల్‌జలాలు వచ్చి 558లో కూలింది. మరో ఇసిడోర్ దాన్ని ఇంకా నిటారుగా లేపి తిరిగి కట్టాడు. 989లో మళ్లీ జల్‌జలా, ఈసారి మరమ్మతు చేసింది త్రదాత్ అనే అర్మేనియన్. 1204లో దాన్ని లూటీ చేసినవాళ్లు ఎవరో తెలుసా? సలీబీ జంగ్‌కని బయల్దేరిన క్రైస్తవ సిపాయిలే. 1453లో సుల్తాన్ మెహ్మద్ ఫతహ్ చేసి మసీదుగా మార్చాడు. కూల్చలేదు. తర్వాతి శతాబ్దంలో సినాన్ బయటి నుంచి ఊతగోడలు కట్టి కాపాడాడు. 1847లో సుల్తాన్ అబ్దుల్ మజీద్ దాని మరమ్మతు ఫొస్సాతీ అనే ఇద్దరు స్విస్ అన్నదమ్ములకు అప్పగించాడు. వాళ్లు క్రైస్తవులు. 1934లో అది మ్యూజియం అయింది, 2020లో మళ్లీ మసీదు.

అందులో మెహరాబ్ కాస్త కుడికి తిరిగి ఉంటుంది. చర్చి ముఖం ఒక దిక్కు, కిబ్లా ఇంకొంచెం పక్కకు. ఇమారత్‌ను తిప్పలేరు కాబట్టి సఫ్‌లు తిప్పుకున్నారు.

ఇస్తాంబుల్ వెళ్లే తాహత్ మాకు లేదు. ఆంక్షలు సడలాక అమ్మాయిని చంద్రగిరి తీసుకెళ్లాను. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం. పైన కోవెల శిఖరాల్లాంటివి, కింద వరుసగా మొన తేలిన కమాన్లు, మన పాత మసీదుల్లో ఉన్నట్టే. "అబ్బా, యే తో హమారా హై నా?" అంది.

కాదు. విజయనగర రాజులది. 1565 తళ్లికోట జంగ్ తర్వాత రాజధాని పెనుకొండకు, ఆ పైన ఇక్కడికి వచ్చింది. సుల్తాన్లతో తరతరాలు జంగ్ చేసిన ఆ రాజులు కమాన్‌తో మాత్రం జంగ్ చేయలేదు. బాగుంది, బరువు మోస్తుంది, పెట్టుకున్నారు. 1598లో జెసూట్ పాద్రీలు వస్తే వెంకటపతిరాయలు ఈ చంద్రగిరిలోనే ఆదరించాడు. 1646లో కోట గోల్కొండకు పోయింది, 1782లో హైదర్ అలీకి. ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం. ఎంతమంది మాలిక్‌లు మారినా కమాన్ తన పని తాను చేసుకుంటూనే ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ జులై 24 తర్వాత 12 రోజులకు, ఆగస్టు 5న, అయోధ్యలో భూమిపూజ జరిగింది. మా గ్రూపు మూగబోయింది. రెండూ ఒకటి కాదని నాకూ తెలుసు. అక్కడ ఇమారత్ నిలబడే ఉంది, ఇక్కడ 1992లో కూల్చేశారు. అది చట్టానికి ఘోర ఉల్లంఘన అని 2019లో సుప్రీంకోర్టే అంది. అయినా "గెలిచినవాడిదే హక్కు" అనే దలీల్‌ను అక్కడ ముబారక్ అని, ఇక్కడ జుల్మ్ అనడం ఏ తరాజు? సంఖ్యలో తక్కువున్న మనకు ఇన్సాఫ్ తప్ప వేరే ఆస్రా లేదు. ఆ తరాజును మనమే వంచితే రేపు ఎవరి ముందు నిలబెడతాం?

తవారీఖ్‌లో ఒక రివాయత్ ఉంది. బైతుల్ ముఖద్దస్‌లో నమాజ్ వేళైతే, చర్చిలోనే చదువుకోమని అక్కడి పెద్ద పాద్రీ హజ్రత్ ఉమర్ (ర)ను కోరాడట. ఖలీఫా బయటికొచ్చి చదివారట. నేను లోపల చదివితే, రేపు మావాళ్లు ఇది మాదంటారన్నది ఆయన ఫిక్ర్. ఫతహ్ చేసినవాడి ఫిక్ర్ అది.

ఇమారత్ అమానత్. మాలిక్ అని రాసుకున్నవాళ్ల కంటే పగుళ్లు పూడ్చినవాళ్ల వల్లే అయాసోఫ్యా ఇన్నాళ్లు నిలబడింది. వాళ్లలో ఈసాను నమ్మినవాళ్లున్నారు, కలిమా చదివినవాళ్లున్నారు.

తిరుపతి వైపు వస్తే చంద్రగిరి చూడండి. పిల్లల్ని వెంట తెచ్చుకోండి. "ఇది మనదేనా?" అని వాళ్లు అడుగుతారు. జవాబు ముందే ఆలోచించి పెట్టుకోండి.