గ్రహణం ఫోటో

ఈసారి గోడపత్రికకు మనం స్వయంగా చేసిన పని ఏదైనా రాయమని తెలుగు సార్ అన్నారు. నేను చంద్రగ్రహణాన్ని ఫోటో తీశాను, అదే రాస్తున్నాను. 2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి, సికింద్రాబాదులో.

మా అన్న అక్కడ పెళ్లి ఫోటోలు తీసే ఒకాయన దగ్గర పని చేస్తాడు. చిలకలగూడలో మూడో అంతస్తు మీద గది. నిమజ్జనం సెలవులకు నేను పోయినప్పుడు డిజిటల్ కెమెరా, 300 మిల్లీమీటర్ల లెన్సు అడిగి తెచ్చిండు. స్టాండు మాత్రం దొరకలేదు.

నాకెందుకంత పట్టుదల అంటే, నా పై పెదవి మీద గీత మీకందరికీ తెలుసు. చిన్నప్పుడు ఆపరేషన్ అయింది. దీన్ని గ్రహణం మొర్రి అంటారు. ఆరో తరగతిలో మీలో కొందరు నన్ను 'గ్రహణం' అనే పిలిచారు, పేర్లు రాయను. అది పెద్ద బాధ కాదు. మా యాడి బాధ పెద్దది. నేను కడుపులో ఉండగా 2011 డిసెంబరు 10న గ్రహణం పట్టిందట. మేకపిల్ల తప్పిపోయిందని ఆమె తండా బయటికి పోయింది. నా మొహం చూసినప్పుడల్లా "నేనే జేసిన బిడ్డా" అంటుంది.

మేము మేడ ఎక్కుతుంటే ఓనరమ్మ చూసింది. "గుడులే మూసిండ్రు, మీరు పైకి పోతున్రా?" అన్నది. "తమ్ముడు స్కూల్ల రాయాల్నట అమ్మా" అని అన్న అబద్ధమాడిండు. ఇప్పుడది నిజమైంది.

రాత్రి 9 గంటల 57 నిమిషాలకు నీడ పట్టడం మొదలైంది. పిట్టగోడ మీద ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి, దానిలో కెమెరాను గుచ్చినట్టు ఆనించాము. చంద్రుడు బాగా పైన ఉన్నాడు, అందుకని కెమెరా మొహం ఆకాశానికి, తెర కిందికి. నేను నేల మీద కూర్చుని మెడ వంచి చూడాల్సి వచ్చింది. మొదటి ఫోటోలో చంద్రుడు తెల్ల బల్బు లాగ వచ్చాడు, మచ్చ కూడా లేదు. అన్న నవ్వి, "కెమెరా నల్ల ఆకాశం జూసి అంతా చీకటి అనుకుంటది. చంద్రుడంటే ఎండల ఉన్న రాయిరా. పగలు తీసినట్టే తియ్యి" అన్నాడు. ఐఎస్ఓ 100 పెట్టి, సెకనులో 250వ వంతు తెరిస్తే మచ్చలన్నీ కనబడ్డాయి. నీడ అంచు గుండ్రంగా ఉంది. అది మన భూమి నీడ. అందులో మన హాస్టల్ నీడ కూడా ఉంటుందని నాకు నవ్వొచ్చింది.

11 గంటల 1 నిమిషానికి చంద్రుడు పూర్తిగా నీడలోకి పోయాడు. రాగి చెంబు రంగు. భూమి చుట్టూ ఉన్న గాలి సూర్యుడి ఎర్ర వెలుగును వంచి అక్కడికి పంపుతుంది కాబట్టి ఆ రంగు. ఇప్పుడు పాత లెక్కతో తీస్తే ఫోటో మొత్తం నలుపే. ఐఎస్ఓ 1600కు పెంచి ఒక సెకను తెరిచాము. వేలితో నొక్కితే కదులుతుందని రెండు సెకన్ల టైమర్ పెట్టాము. ఫోకస్ చేత్తోనే తిప్పాను. నలభై తీస్తే ఐదారు పనికొచ్చాయి.

ఆ ఎరుపు 12 గంటల 23 నిమిషాల దాకా, అంటే 82 నిమిషాలు ఉంది. మధ్యలో ఊరికే కూర్చున్నప్పుడు వేళ్ల మీద లెక్క వేశాను. కడుపులో బిడ్డకు పెదవి నాలుగో వారం నుంచి ఏడో వారం లోపలే ఏర్పడుతుందని బయాలజీ మేడం చెప్పారు. నేను 2012 మార్చి ఆఖరున పుట్టాను. అంటే నా పెదవి 2011 జూలై, ఆగస్టుల్లోనే అయిపోయింది. ఆ రెండు నెలల్లో మన దగ్గర ఏ గ్రహణమూ కనబడలేదు. యాడి మేకపిల్ల కోసం పోయేసరికి నాకు ఆరో నెల. రెండుసార్లు లెక్క చూసుకున్నాను. అన్నకు చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

దసరాకు పోయి యాడికి ఫోటో చూపించి, వారాలన్నీ చెప్పాను. ఆమె లెక్క సగమే విన్నది. ఫోటోను చాలాసేపు పట్టుకుని, "ఆ దినం గూడ గిట్లనే ఎర్రగ ఉండె. మస్తు మంచిగ ఉండె" అన్నది. అది మంచిగ ఉండెనని ఆమె అనడం నేను ఇంతకు ముందెప్పుడూ వినలేదు.

"మరి మేకపిల్ల దొరికిందా?" అని అడిగాను. దొరికిందట.

కింద అతికించింది 11 గంటల 41 నిమిషాల ఫోటో. అన్నం తిన్న చేతులతో ముట్టుకోకండి.