రాజీ అంటే ఎవరితో?

మెట్టుగూడలో నేను, డాలస్‌లో మా పెదనాన్న కూతురు, ఇద్దరం ఐటీ ఉద్యోగాలు చేసుకుంటూ ఒకటే సబ్జెక్టు చదువుతున్నాం. క్రిమినల్ జస్టిస్. అక్కది అక్కడి ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ కోర్సు. నాది ఇగ్నో దూరవిద్య పీజీ డిప్లొమా. "కోడ్ రాసుకునేదానివి, ఈ పోలీసు చదువెందుకే నీకు?" అని అమ్మ అడుగుతూనే ఉంది. కారణం మా చిన్నమ్మ. అది అమ్మకూ తెలుసు.

మెట్టుగూడలో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా నా క్లాస్‌రూమ్ అదే. ఈజ్ఞానకోశ్‌లో పాఠాలన్నీ ఉచితం. ఇలా ఉద్యోగం చేసుకుంటూ చదివే దారి వేసినాయన మా పక్కనున్న ఉస్మానియాలో ప్రొఫెసరే. జి. రామ్‌రెడ్డి 1982లో మన ఓపెన్ యూనివర్సిటీకి, 1985లో ఇగ్నోకి మొదటి వైస్ చాన్సలర్. తార్నాక మీదుగా రోజూ వెళ్లే మావాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

2024 జూలై 1 నుంచి చట్టాలు మారాయి కాబట్టి ప్రతి సెక్షన్‌కీ ఇప్పుడు రెండు నంబర్లు గుర్తుంచుకోవాలి. 302 పోయి 103 వచ్చింది. 420 పోయి 318 వచ్చింది. అయినా "వాడో త్రీ ఎయిటీన్ గాడు" అని తిట్టడానికి మనకింకా నోరు తిరగట్లేదు. నాలాంటివాళ్లకు నచ్చే ముక్క కూడా ఒకటుంది. ఫోన్‌లోని ఆధారాన్ని కోర్టుకిచ్చేటప్పుడు సర్టిఫికెట్‌లో హాష్ విలువ రాయాలి. ఎస్‌హెచ్ఏ 256 అన్న మాట చట్టం పుస్తకంలో కనపడితే నవ్వొచ్చింది, ఆఫీసు ఇక్కడికీ వచ్చేసిందని.

అసలు తేడా అక్క అసైన్‌మెంట్ చూశాక అర్థమైంది. నా పాఠాలు అడిగేవి మూడు: ఏ చట్టం తప్పారు, ఎవరు తప్పారు, శిక్షేమిటి. ఆమె పాఠం వేరే మూడు అడుగుతుంది: ఎవరికి దెబ్బ తగిలింది, వాళ్లకేం కావాలి, అది తీర్చాల్సిన బాధ్యత ఎవరిది. ఇవి హోవర్డ్ జెర్ అనే ఆయన ప్రశ్నలు. ఆయన మెన్నోనైట్ క్రైస్తవుడు. (మన జడ్చర్లలో ఆసుపత్రి పెట్టిన మిషన్ ఈ శాఖదే.) 1974లో కెనడాలోని ఎల్మైరాలో ఇద్దరు కుర్రాళ్లు తాగి 22 మంది ఆస్తులు పాడుచేస్తే, మెన్నోనైట్ అయిన ప్రొబేషన్ ఆఫీసర్ ఒకాయన జడ్జిని ఒప్పించి వాళ్లను ఇంటింటికీ తీసుకెళ్లాడు. నష్టపోయినవాళ్ల ముందు నిలబెట్టాడు. నష్టం కట్టించారు. ఈ పద్ధతి అక్కణ్ణుంచే పాకింది.

"ఎంత బాగుందో చూడు, మన దగ్గర కూడా రావాలి" అంది అక్క. నాకు మాత్రం వెన్ను జలదరించింది.

తార్నాక వైపు నుంచి క్యాంపస్‌లోకెళ్లి, ఆర్ట్స్ కాలేజీ దాటి విద్యానగర్ వైపు బయటికొస్తే నల్లకుంట దగ్గరే. 1978 మార్చిలో సినిమా చూసి వస్తున్న ఒకామెను పోలీసులు అక్కడి స్టేషన్‌కు తీసుకెళ్లారు. పోలీసులే ఆమెపై అత్యాచారం చేశారు. అదేమని అడిగిన భర్తను కొడితే ఆయన చనిపోయాడు. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. విచారణ రాయచూర్ కోర్టుకు మారింది, అక్కడ అందరూ నిర్దోషులైపోయారు. ఆ కేసును అందరూ ఆమె పేరుతోనే చెప్తారు. బాధితురాలి పేరు బయటపెట్టకూడదని బీఎన్ఎస్ 72 చదివినదాన్ని కాబట్టి నేను రాయను. ఇలాంటి కేసుల మీద దేశమంతా ఆందోళన జరిగాకే 1983లో చట్టం మారింది. ఆ కేసులో ఎవరిని ఎవరి ఎదుట కూర్చోబెట్టి రాజీ చేస్తాం? ఎల్మైరాలో కుర్రాళ్లకు బలం లేదు. బలమున్నవాడే ఎదురుగా కూర్చుంటే ఆ సమావేశం పేరు రాజీ కాదు.

మన దగ్గర అది రావక్కర్లేదు, ఎప్పటినుంచో ఉంది. చిన్నాయన కొడుతున్నాడని చిన్నమ్మ నాలుగేళ్ల కిందట ఒక స్టేషన్‌కు వెళ్తే, "సంసారమన్నాక మామూలే, కాంప్రమైజ్ అయిపోండమ్మా" అన్నారు. తెల్లకాగితం మీద ఇద్దరి సంతకాలూ పెట్టించారు. అది అప్పట్లో 498ఏ కింద నేరం, ఇప్పుడు బీఎన్ఎస్ 85. రాజీ కుదిరినా కోర్టు అనుమతితో కుదరాల్సింది, స్టేషన్ బల్ల మీద కాదు. ఆ సంగతి ఆ రోజు మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఆర్నెల్లకు ఆమె కట్టుబట్టలతో మా ఇంటికొచ్చేసింది.

అయినా అక్క పాఠంలోని రెండో ప్రశ్నను నేను వదల్లేకపోయాను. మొన్న చిన్నమ్మనే అడిగాను, "నీకేం కావాలి?" అని. ఆమె చిక్కుళ్లు తుంచడం ఆపి కాసేపు నా మొహం చూసింది.

"ఇన్నేళ్లలో ఎవ్వరూ అడగలేదే ఆ మాట," అంది. "ఆయన జైలుకు పోతే నాకేమొస్తది? మా అమ్మ పెట్టిన గాజులు అక్కడే ఉండిపోయినయ్. అవి ఇప్పించు. మొహం మాత్రం చూడను."

స్త్రీధనం భార్యదే, అడిగినప్పుడు భర్త తిరిగివ్వకపోతే నమ్మకద్రోహం కింద నేరమవుతుందని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడది బీఎన్ఎస్ 316. గాజులు నాలుగు తులాలట. బిల్లు అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఉండొచ్చంది. పెళ్లి ఫొటోల్లో చేతులు స్పష్టంగా కనిపిస్తున్నాయి, వాటిని స్కాన్ చేసి పెట్టాను. ఆదివారం పెట్టె తెరవాలి.