నాలుగు తీగల పాఠం

కళను ఆస్వాదించడం వేరు, దానిని నలుగురితో పంచుకోవడం వేరు. ఈ భేదం గ్రహించడానికి మూడు దశాబ్దాల ఉద్యోగ జీవితం నాకు చాలలేదు. ఏడు సముద్రాల ఆవల గడచిన ఒక సాయంకాలం కావలసి వచ్చింది.

గత వేసవిలో సెలవుపై కాలిఫోర్నియాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. వారి పేటలోని పార్కులో ఏదో సంబరమంటే నేనూ, మా శ్రీమతీ బయలుదేరాము. చెట్ల నీడన మడతకుర్చీలు వలయంగా వేసుకొని సుమారు ఇరవై మంది కూర్చున్నారు. బడిపిల్లలున్నారు, ఉద్యోగస్థులున్నారు, చేతికర్ర పక్కన ఆనించుకొన్న ఒక వృద్ధురాలు ఉన్నారు. అందరి ఒడిలోనూ బొమ్మ గిటారు వంటి చిన్న వాద్యం. దాని పేరు ఉకులేలే అని అమ్మాయి చెప్పింది.

ఈ వాద్యం చరిత్ర ఆసక్తికరమైనది. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుండి చెరకు తోటల పనికై హవాయి చేరిన వలస జనం తమ చిన్న తీగవాద్యాన్ని వెంట తెచ్చుకొన్నారు. అదే అక్కడ ఉకులేలేగా రూపొందింది. కలాకౌవా రాజు దానిని ఆదరించాడు. చెరకు తోటల కోసం మారిషస్ వెళ్ళిన మన తెలుగువారు రామభజనను నిలుపుకొన్న వైనం నాకు స్ఫురించింది.

ఇంజనీరును గనుక నా దృష్టి నిర్మాణంపైకి పోయింది. పొడవు సుమారు 21 అంగుళాలు, తీగలు నాలుగే. ఒక్క వేలితో ఒక తీగను నొక్కితే చాలు, ఒక స్వరసమూహం సిద్ధమవుతుంది. అటువంటివి మూడు నేర్చినవారు ఎన్నో పాటలకు సహకారం అందించవచ్చు.

పాట నడుమ ఆ వృద్ధురాలు రెండుసార్లు తాళం తప్పారు. ఎవరూ ముఖం చిట్లించలేదు. ప్రక్కనున్న బాలిక తన చేతి కదలిక ఆమెకు కనబడేటట్లు కొంచెం తిరిగి కూర్చున్నది. అంతే! ఆమె తిరిగి అందుకొన్నారు.

ఆ క్షణాన నా మనస్సు 1998 ఉగాదికి మరలింది. అప్పుడు నేను మన కాలనీ క్లబ్బు సాంస్కృతిక కమిటీలో సభ్యుణ్ణి. ఒక క్రేన్ ఆపరేటరు బుల్‌బుల్ తార పట్టుకొని వచ్చి, ఒక్క పాటకు అవకాశమిమ్మని అడిగారు. రెండు నిమిషాలు విని, "అపస్వరాలు పడుతున్నాయి, వేదికకు ఒక స్థాయి ఉండాలి కదా" అన్నాను. ఆయన మారుమాట లేకుండా వాద్యాన్ని తువ్వాలులో చుట్టుకొని వెళ్ళిపోయారు. మరెన్నడూ అడగలేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ వంటి మహాప్రతిభకు చప్పట్లు కొట్టడం ఎవరికైనా వచ్చు. తోటి ఉద్యోగి ఉత్సాహానికి రెండు చప్పట్లు నాకు కరవైనాయి.

తిరిగి వచ్చిన పిదప వాకబు చేసి ఆయన ఇంటికి వెళ్ళాను. పదవీ విరమణానంతరం సమీప గ్రామంలో ఉంటున్నారు. వచ్చిన పని చెప్పాను.

"అయ్యో, అవన్నీ ఇప్పుడెందుకు సార్? అది అటకెక్కి ఎన్నాళ్ళయిందో! తీగలు తుప్పు పట్టేసుంటాయి."

"కొత్త తీగలు నేను తెస్తాను. నాకు కూడా నేర్పాలి" అన్నాను.

ఆయన ఔననలేదు, కాదనలేదు. టీ త్రాగి నేను గడప దాటుతుండగా మాత్రం వెనుకనుండి ఆయన కంఠం వినిపించింది: "సార్, తీగలు సన్నవి తీసుకురండి."

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంకాలం మేము ఐదుగురం కూడుతున్నాము. మాలో నాదే అపస్వరం ఎక్కువ. గురువుగారు నన్ను లేచి పొమ్మనడం లేదు. రానున్న ఉగాదికి ఒక పాట వినిపించాలని సంకల్పం. సోదర ఉద్యోగులు సకుటుంబంగా విచ్చేసి, మా తప్పులతో సహా ఆలకించవలసిందిగా మనవి.